కొత్త ఫైబర్ బోటు మొదటి సీజన్‌లోనే పాడైంది, డీలరు ఆంధ్రా వైపు, మేము ఒడిశా వైపు. ఏం చేయాలి?

సోనాపూర్ రేవు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గంజాం జిల్లా సోనాపూర్, బాహుదా నది మొగ దగ్గర. తెలుగువాళ్లమే, వేటే మా బతుకు. ఇక్కడ ఫైబర్ పని తెలిసినవాళ్లు, ఇంజిన్ మెకానిక్కులు, కోర్టు సంగతులు తెలిసినవాళ్లు ఉన్నారని రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

మా పాత బోటు 2013లో ఫైలిన్ తుఫాను తర్వాత కొన్నది. అడుగంతా అరిగిపోయి, అతుకు మీద అతుకు పడి, ఇక దానితో లాభం లేదని ఈసారి వేట నిషేధంలో కొత్తది తీసుకున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఎలాగూ ఒడ్డునే ఉంటాయి. ఆలోపు కట్టించుకుంటే నిషేధం ఎత్తేసిన రోజే సముద్రంలోకి దిగొచ్చని నాన్న ఆలోచన.

డీలరు ఇంజిన్లు అమ్ముతాడు, తన షెడ్డులోనే బోట్లు కట్టిస్తాడు. బోటూ ఇంజినూ ఒకే చోట తీసుకుంటే రేపు ఏ తేడా వచ్చినా ఒక్కడినే అడగొచ్చని అతని దగ్గరికి వెళ్లాం. బోటు 31 అడుగులు, 3,60,000. కిరోసిన్ మీద నడిచే అవుట్‌బోర్డ్ ఇంజిన్ 1,75,000. బిగించింది కూడా వాళ్లే. డబ్బులో సగం పైన మా చేపలు కొనే షావుకారు దగ్గర అడ్వాన్సు, మిగతాది వదిన బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చింది. పదివేలు తప్ప అంతా బ్యాంకు ద్వారానే పంపాం. ఇంజిన్‌కి జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు ఇచ్చాడు. బోటుకి మాత్రం షాపు స్టాంపు వేసిన చిట్టీ ఇచ్చి, "బిల్లు ఆడిటరు దగ్గర్నుంచి రాగానే పంపుతా" అన్నాడు. ఆ చిట్టీ మీద "బాడీ అయిదేళ్లు గ్యారంటీ" అని తన చేత్తోనే రాశాడు. బిల్లు కోసం నేను పెట్టిన వాట్సాప్ మెసేజీలన్నీ ఉన్నాయి. అన్నీ చూశాడు, బిల్లు మాత్రం రాలేదు.

మొదట్లో బోటు బాగానే నడిచింది. శ్రావణం వెళ్లేసరికి ఒక తేడా అన్నయ్య కంటబడింది. ఇంజిన్ రేసు పెంచినప్పుడల్లా దాని తల వెనక్కి ఒరుగుతోంది. క్లాంపు వదులైందేమోనని బిగించాం, తగ్గలేదు. ఒడ్డుకు లాగి చూస్తే ఇంజిన్ బిగించే వెనక పలక రెండు మూలల్లోనూ జెల్ కోటు (ఫైబర్ పైన ఉండే నున్నటి పూత) మీద సన్నటి గీతలు. గోరు పెడితే దిగుతోంది. కింది బోల్టు ఒకటి విప్పాం. రంధ్రంలోంచి డికాక్షన్ లాంటి నీళ్లు కారడం మొదలై చాలాసేపు ఆగలేదు. మేకు పెట్టి గీకితే లోపలి ప్లైవుడ్ మెత్తగా, పొరలు పొరలుగా ఊడొచ్చింది. పుల్లటి వాసన. రంధ్రం చుట్టూ రెసిన్ గాని సిలికాన్ గాని పూసిన ఆనవాలే లేదు, పచ్చి చెక్క కనబడుతోంది. అడుగున నీళ్లలో మునిగే భాగంలో అక్కడక్కడా చిన్న బొబ్బలు కూడా లేచాయి. ఫోటోలు పెట్టాను చూడండి.

కొనేటప్పుడు నాన్నని "పెద్దాయనా, ఇది మీ షాపే అనుకోండి" అని కుర్చీ వేసి కూర్చోబెట్టినవాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. అన్నయ్య షాపుకి వెళ్లి నిలబడితే ఒక మనిషిని పంపాడు. ఆ మనిషి నాలుగు ఫోటోలు తీసి, బోల్టు రంధ్రంలోకి తొంగి కూడా చూడకుండా, "ఒడ్డుకు వచ్చేటప్పుడు ఇంజిన్ లేపకుండా ఇసకలో కొట్టారు, అందుకే పలక పగిలింది, ఇది గ్యారంటీలోకి రాదు" అని చెప్పి వెళ్లిపోయాడు. మా రేవులో కెరటం దాటి వచ్చేటప్పుడు ఇంజిన్ లేపకుండా వచ్చేవాడు ఎవడూ ఉండడు. అన్నయ్య చిన్నప్పటి నుంచి అమరం పట్టి బోటు నడిపినవాడు.

తర్వాత డీలరే ఫోన్ చేశాడు. బోటు షెడ్డుకి తెమ్మన్నాడు. లారీ ఖర్చు మాదట, పలక మార్చడానికి ఇంకో 45,000 అట. చిట్టీ మీద నీ రాత ఉంది కదా అంటే, "మీది ఒడిశా, నాది ఆంధ్రా, ఏ కోర్టుకి వెళ్తారో వెళ్లండి" అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది. నాన్న విన్నాడు. అప్పటినుంచి ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు.

ఎవరో ఒక మేస్త్రిని పిలిచి పలక వేయించేసి వేటకి వెళ్లిపోదాం, మనకి ఈ గొడవలు వద్దు అంటాడు నాన్న. వేయించేస్తే తప్పు ఎవరిదో రేపు ఏం పెట్టి చూపిస్తాం? అలాగని బోటు ఒడ్డున పెట్టుకుని కూర్చుంటే షావుకారుకి ఏం చెప్పాలి, మాతో వేటకొచ్చే కలాసీల ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలగాలి? పైగా వచ్చేది అక్టోబరు. ఫైలిన్ అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. ఈ నెలల్లో సముద్రం ఎప్పుడు తిరగబడుతుందో చెప్పలేం. ఆ పలకతో మావాళ్లు వెళ్తే నాకు రాత్రంతా టెన్షనే.

ఇది కట్టడంలో లోపమా కాదా అన్నది ముందు తెలియాలి. ఒడిశాలో ఉండి ఆంధ్రా డీలరు మీద కేసు వేయొచ్చా? వేటకి కొన్న బోటు వ్యాపారం కిందికి వస్తుంది, వినియోగదారుల కోర్టు తీసుకోదని మా ఊళ్లో ఒకాయన అంటున్నాడు, అది నిజమేనా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

బరువ ఫైబర్ మేస్త్రి:

తమ్ముడూ, ఫోటోలు పెద్దవి చేసుకుని చూశాను. ముందు ఒక మాట. ఈ పలకతో కెరటం దాటొద్దు. రేసు మీద ఉండగా పలక వదిలేస్తే ఇంజిన్ నీళ్లలో పడుతుంది, బోటు అడ్డం తిరుగుతుంది, కెరటంలో అడ్డం తిరిగిన బోటు బోల్తా కొట్టకుండా ఉండదు. నాన్నగారికి ఈ ముక్క చదివి వినిపించు.

ఇక ఇసక సంగతి. ఇంజిన్ కాలు గట్టిగా నేలకి తగిలి పలక విరిగితే లోపలి చెక్క పొడిగా, విరుపు తాజాగా ఉంటుంది. నీ పలకలో చెక్క నాని కుళ్లింది. ఒక్క దెబ్బతో చెక్క కుళ్లదు. బోల్టు రంధ్రంలోంచి రోజూ కొంచెం కొంచెం నీళ్లు లోపలికి పోతేనే అలా అవుతుంది. ఆ రంధ్రం వేసినవాళ్లు వాళ్లే, బోల్టు బిగించినవాళ్లు వాళ్లే.

పలక ఎలా కట్టాలో చెబుతాను, నీ దాంతో పోల్చి చూసుకో. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వాడాలి. ఆ చెక్క అంచులతో సహా ఎక్కడా పచ్చిగా మిగలకుండా రెసిన్ తాగించాలి. తర్వాత రెండు వైపులా మ్యాట్, రోవింగ్ (గాజు నార) పొరలు వేసి, ఆ పొరల్ని మూల దాటించి బోటు పక్క గోడల మీదికి జానెడు పారించాలి. పలక బలమంతా ఆ మూలలోనే ఉంటుంది. నీ ఫోటోలో గీతలు సరిగ్గా మూలలోనే వచ్చాయి, అంటే పొర పక్క గోడ మీదికి పారలేదని నా అనుమానం. బోల్టు రంధ్రం కావలసిన దానికన్నా పెద్దది వేసి, రెసిన్ ముద్దతో పూడ్చి, ఆరాక మళ్లీ సైజుకి వేస్తే నీళ్లు చెక్కని తాకవు. అంత ఓపిక లేనివాళ్లు కనీసం సిలికాన్ అయినా పెడతారు. నీకు అదీ పెట్టలేదు. వాషర్ కూడా చిన్నది వేశారు, అక్కడ పెద్ద స్టీలు పట్టీ ఉండాలి.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. చిన్న సుత్తి తీసుకుని పలకంతా మెల్లగా కొట్టుకుంటూ పో. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, పొర విడిపోయినచోట, చెక్క నానినచోట డబడబమంటుంది. శబ్దం మారినచోటల్లా సుద్దముక్కతో గీత గీసి, మొత్తం కలిపి వీడియో తియ్యి. బొబ్బల్లో ఒక్కదాన్ని సూదితో పొడువు. జిగటగా, వెనిగర్ వాసనతో నీళ్లు వస్తే లోపల రెసిన్ సరిగ్గా పట్టలేదని అర్థం. కొత్త బోటుకి మొదటి సీజన్‌లో బొబ్బలు రావడం నా లెక్కలో లోపమే. నిషేధం నెలల్లో ఆర్డర్లు మీద పడతాయి. ఆ తొందరలో చవక రెసిన్ వాడతారు, హార్డ్‌నర్ చేతికొచ్చినంత పోస్తారు, పూర్తిగా ఆరకముందే మోల్డులోంచి లాగేస్తారు. ఉప్పు నీళ్లలో ఉండే బోటుకి ఐసోఫ్తాలిక్ రెసిన్ వాడాలి, దానికి ఖర్చెక్కువ.

పలక విప్పే రోజు వస్తుంది. ఆ రోజు అరచేయంత ముక్క కోసి, దాని మీద తేదీ రాసి, నలుగురితో సంతకాలు పెట్టించి కవర్‌లో దాచు. ఫైబర్ ముక్కని కాల్చి అందులో గాజు ఎంత, రెసిన్ ఎంత అని తూచి చెప్పే పరీక్ష ఉంది. భువనేశ్వర్‌లో సీపెట్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ, ప్లాస్టిక్ పరీక్షలు చేస్తుంది, అక్కడ అడుగు. చేత్తో వేసిన మ్యాట్ పనిలో గాజు బరువు సుమారు 30 శాతం ఉండాలి. మరీ తగ్గితే మ్యాట్ దొంగిలించినట్టే.

గోపాల్‌పూర్ అవుట్‌బోర్డ్ మెకానిక్:

మేస్త్రి గారు బోటు గురించి చెప్పేశారు. నేను ఇంజిన్ సంగతి చెబుతా. ఇసకలో కొట్టారు అంటున్నాడు కదా, ఆ మాట నిజమో అబద్ధమో ఇంజినే చెబుతుంది. ఫ్యాన్ కింద చేప రెక్కలా ఒక బ్లేడు ఉంటుంది, నేలకి ముందు తగిలేది అదే. పలక పగిలేంత దెబ్బ తగిలితే ఆ బ్లేడు అంచు చిట్లాలి, లేదా వంగాలి. ఫ్యాన్ ఆకులు నొక్కుకుపోవాలి. క్లాంపు బ్రాకెట్ మీద పెయింట్ లేవాలి. ఇవేవీ లేకుండా ఒక్క పలక మాత్రమే ఎలా పగులుతుంది? ఈ మూడు చోట్లా దగ్గర నుంచి ఫోటోలు తియ్యి, ఇంజిన్ సీరియల్ నంబరు ప్లేటు కూడా ఒకే ఫోటోలో పడేలా చూసుకో.

పలక ఎత్తు కూడా కొలువు. లాంగ్ షాఫ్ట్ (కాలు పొడుగు) ఇంజిన్‌కి 20 అంగుళాలు, షార్ట్ షాఫ్ట్ (కాలు పొట్టి) ఇంజిన్‌కి 15 అంగుళాలు ఉండాలి. ఇది సరిపోకపోతే ఫ్యాన్ నీళ్లలో ఉండాల్సిన చోట ఉండదు, పలక మీద భారం పెరుగుతుంది. బోటూ ఇంజినూ ఒకే మనిషి అమ్మాడు కాబట్టి జోడీ కుదర్చాల్సింది అతనే.

ఇంకోటి. బోటు గొడవలో ఇంజిన్ వారంటీ పోగొట్టుకోవద్దు. అది డీలరుది కాదు, కంపెనీది. సరదా బోట్లకి ఇచ్చే వారంటీకన్నా వేటకి వాడే ఇంజిన్‌కి గడువు తక్కువ పెడతారు, కార్డు మీద చూసుకో. పుస్తకంలో ఉన్న సర్వీసుల్ని టైముకి చేయించి స్టాంపు వేయించు, ఈ డీలరు దగ్గరే చేయించాలని లేదు, ఆ కంపెనీ సర్వీసు సెంటర్ ఎక్కడున్నా పర్వాలేదు. ఇప్పటికి ఇంజిన్ దించి, మంచినీళ్లతో కడిగి, నిలువుగా స్టాండు మీద పెట్టండి.

సోనాపూర్ రేవు:

మేస్త్రి గారూ, మెకానిక్ అన్నా, చాలా చాలా థాంక్స్. నిన్న సాయంత్రం సుత్తితో కొట్టి చూశాం. పలక మధ్య నుంచి ఎడమ మూల దాకా శబ్దం మారిపోయింది, సుద్దతో గీస్తే దాదాపు సగం పలక ఆ గీత లోపలే ఉంది. గీత గీస్తుంటే నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. నేను ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి ఆ డబడబ శబ్దం తన చెవులతో విన్నాక, "ఇంజిన్ దించండి" అని తనే అన్నాడు. బొబ్బ పొడిస్తే మీరు చెప్పినట్టే జిగట నీళ్లు, పుల్లటి వాసన.

ఫ్యాన్ మీద నొక్కులు లేవు. కింద బ్లేడు అంచు మీద పెయింట్ కూడా చెక్కుచెదరలేదు. పలక 20 అంగుళాలే, ఇంజిన్ లాంగ్ షాఫ్టే, అక్కడ తేడా లేదు.

ఇది చూశాక నాకు కోపం ఇంకా ఎక్కువైంది. వాళ్ల మనిషి ఒక్కసారి వంగి ఆ బ్లేడు చూసి ఉంటే మా అన్నయ్య మీద ఆ నింద వేసేవాడు కాదు.

రామయపట్నం అక్క:

తమ్ముడూ, నాకు ఫైబర్ పని తెలీదు, కానీ ఒక్కటి చెప్తాను, బోటుని షెడ్డుకి మాత్రం పంపకు. మా వరసైనవాళ్లు ఇలాగే ఒక డీలరు మాట నమ్మి పంపారు. కాగితం ఇవ్వలేదు. బోటు తిరిగొచ్చేసరికి కొత్త రంగు కొట్టి ఉంది, పగుళ్లు రంగు కింద పోయాయి, లోపల ఏం మార్చాడో ఎవరికీ తెలీదు. మళ్లీ కారడం మొదలయ్యాక అడిగితే, "అప్పుడే బాగుచేసి ఇచ్చాను, ఇది కొత్తగా మీరు చేసుకున్నది" అన్నాడు. చూపించడానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు.

పంపక తప్పకపోతే ఏం పాడైంది, ఏం మారుస్తాడు, ఎప్పటికి ఇస్తాడు, డబ్బు ఎవరిది అన్నీ రాయించి సంతకం తీసుకున్నాకే పంపండి. మన మగవాళ్లు మొహమాటపడతారు. ఆ సంతకం అడిగే పని మీ వదినకి చెప్పండి, బంగారం ఆవిడదే కదా.

బరంపురం న్యాయవాది:

బాబూ, మీ ప్రశ్నల్లో కోర్టుకి సంబంధించినవి నేను చెబుతాను.

వేట బోటు వ్యాపారం కిందికి వస్తుందన్న మాట సగమే నిజం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వాణిజ్య అవసరానికి కొన్న సరుకుని మినహాయించారు, కానీ స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకుంటే అది వాణిజ్య అవసరం కాదని అదే నిర్వచనంలో వివరణ ఇచ్చారు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమర్చింది. సొంతంగా నడుపుకోవడానికి టాక్సీయో లారీయో కొన్నవాడు వినియోగదారుడేనని చెప్పింది, కుటుంబ సభ్యులు సాయం చేసినా ఫర్వాలేదంది. కాబట్టి ఫిర్యాదు మొదటి పేజీలోనే మీ నాన్నగారు, అన్నయ్య స్వయంగా వేటకి వెళ్తారని, ఇంటికి వేరే ఆదాయం లేదని, కలాసీలది జీతం కాదు, పాళ్ల లెక్క అని స్పష్టంగా రాయాలి. అవతలి వకీలు మొదట పట్టుకునేది ఈ పాయింటునే.

రెండోది సరిహద్దు. ఆ డీలరు చెప్పింది పాత లెక్క. 1986 చట్టంలో అవతలివాడు ఉన్న చోటో, లావాదేవీ జరిగిన చోటో వెతుక్కోవాల్సి వచ్చేది. కొత్త చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తే అక్కడే వేయొచ్చు. మీకు గంజాం జిల్లా వినియోగదారుల కమిషన్, అంటే మన బరంపురమే. ఆ డీలరే గిరిసోల సరిహద్దు దాటి ఇక్కడికి రావాలి. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్ చాలు. ఫీజు 5 లక్షల వరకు లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య 200 రూపాయలు. మీ మొత్తం 5,35,000 కాబట్టి మీకు 200. తప్పు బయటపడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు.

బిల్లు లేదని దిగులు పడకండి. బోటు రిజిస్ట్రేషన్ అయిందా? అయి ఉంటే దానికోసం బోటు కట్టినవాళ్లు ఇచ్చిన సర్టిఫికెట్ ఒకటి ఫిషరీస్ ఆఫీసు ఫైల్లో ఉంటుంది. బోటు ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో వాళ్లే సంతకం పెట్టి చెప్పిన కాగితం అది. దాని నకలు తీసుకోండి. దానికి బ్యాంకు స్టేట్‌మెంట్, స్టాంపు చిట్టీ, వాట్సాప్ మెసేజీలు కలిస్తే బిల్లు లేకపోయినా కొనుగోలు రుజువవుతుంది. పైగా వేట బోటు మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు ఎందుకు ఇవ్వలేదో అతనే కమిషన్ ముందు చెప్పుకోవాలి.

ముందు లీగల్ నోటీసు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ కాగితం దాచండి. అందులో లోపాలు, అతని మనిషి వచ్చిన సంగతి రాసి, 15 రోజుల్లో సోనాపూర్ వచ్చి మీ ముందే చూడమని, రాకపోతే స్వతంత్ర నిపుణుడితో చూపించి పలక విప్పుతామని రాయండి. మీ నాన్నగారి తొందరకి ఇదే దారి. అవకాశం ఇచ్చాక, సాక్షుల ముందు ముక్క తీసి దాచాక మరమ్మతు చేయించుకుంటే, సాక్ష్యం పోగొట్టారని రేపు అతను అనడం కష్టం. ఆ మరమ్మతు ఖర్చు కూడా క్లెయిమ్‌లో కలుస్తుంది. ఈలోపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. కొందరు డీలర్లు ఆ ఫోన్‌కే దిగొస్తారు.

ఎంత కాలం పడుతుందో కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కేసు వేశాక కమిషన్ నోటీసు అందిన అవతలివాడికి జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. ల్యాబు పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నా అనుభవంలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. కేసు డబ్బుల మీద ఆశతో షావుకారుకి మాట ఇవ్వొద్దు. పోయిన వేటకి నష్టపరిహారం అడగాలంటే మాత్రం అదే షావుకారు చేపల తూకం చిట్టీలు కావాలి, పాత సీజన్‌వి కూడా ఉంటే తెచ్చుకోండి. తెలుగులో ఉన్న కాగితాలకి అనువాదం జతచేయాలి.

సోనాపూర్ రేవు:

లాయరు గారూ, రిజిస్ట్రేషన్ జులైలోనే అయింది. ఫిషరీస్ ఆఫీసుకి వెళ్లి సర్టిఫికెట్ నకలు తీసుకున్నాను. ఆ డీలరు షెడ్డు పేరు, సంతకం, బోటు పొడవు అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆ కాగితం చూసి మా వదిన ఏడ్చేసింది.

మీరు చెప్పినట్టే నోటీసు పంపాం. 1915లో కూడా చెప్పాం. ఈ వారం డీలరు తనే ఫోన్ చేశాడు. గొంతు మారింది. లారీ ఖర్చు తను పెట్టుకుంటాడట, పలక ఉచితంగా మారుస్తాడట, కానీ నోటీసు వెనక్కి తీసుకోవాలట. రాసివ్వమంటే "మాట మీద నమ్మకం లేదా" అన్నాడు. ఫోన్ వదిన తీసుకుంది. "నమ్మకం ఉండే కదండీ బంగారం పెట్టి కొన్నాం, ఇప్పుడు కాగితం ఇవ్వండి" అంది. ఆలోచించి చెప్తానన్నాడు. రామయపట్నం అక్కా, మీ మాట మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ఉచితంగా పలక మారిస్తే ఒప్పుకుందామా అని ఇంట్లో రెండు మాటలున్నాయి. నాకైతే బొబ్బల సంగతి తేలకుండా ఒప్పుకోవాలని లేదు. పలక బాగుచేసినా అడుగు బాగోలేకపోతే మళ్లీ అదే డీలరు చుట్టూ తిరగాలి. ప్రస్తుతానికి మేనమామ బోటులో అన్నయ్య, ఇద్దరు కలాసీలు వెళ్తున్నారు, వచ్చిన పాలులో కొంత షావుకారుకి కడుతున్నాం. కవళ్ల చేపలు పడుతున్నాయి, ధర లేదు.

మేస్త్రి గారూ, నోటీసు గడువు వచ్చే గురువారంతో అయిపోతుంది. డీలరు వచ్చినా రాకపోయినా ఆ తర్వాత పలక విప్పే పని మీ చేతుల మీదుగా జరగాలని నాన్న అడుగుతున్నాడు. రానూపోనూ ఖర్చు, మీ కూలి మేమిస్తాం.

బరువ ఫైబర్ మేస్త్రి:

వస్తాను. శుక్రవారం కాదు, శనివారం పొద్దున్న ప్యాసింజర్ ఎక్కి ఇచ్ఛాపురంలో దిగుతాను, ఎవరినైనా బండి మీద పంపు. అడుగున బొబ్బలున్న చోట కూడా రెండు ముక్కలు కోయాలి, ఒక్క పలక ముక్క సరిపోదు. కోసిన చోటు వెంటనే పూడ్చేస్తాను. బోటుని తాటి దుంగల మీదికి ఎత్తి, అడుగు రెండు రోజులు ఎండేలా పెట్టు, తడి మీద పొర పట్టదు. వానొచ్చేలా ఉంటే టార్పాలిన్ కట్టు. గ్రైండర్ నేను తెస్తాను, రేవు దాకా కరెంటు వైరు అందుతుందో లేదో ముందే చూసి చెప్పు. ఉచితంగా చేస్తానంటున్నాడు కదా, డీలరుని కూడా శనివారమే రమ్మను, కోసేటప్పుడు పక్కనే నిలబడి చూడమను.

సోనాపూర్ రేవు:

వైరు అందుతుంది, ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు లైన్ ఇస్తామన్నారు. డీలరుకి శనివారం రమ్మని వాట్సాప్ పెట్టాను, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా వేశాను. దుంగలు ఈ రోజే దించుతున్నాం.